దేశం పేరుతో వెతకడం మాని, రికార్డు చేసిన మనిషి పేరుతో వెతకండి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. స్ట్రీమింగ్ యాప్‌లో "ప్రపంచ జానపద సంగీతం" అని వెతికితే పిల్లనగ్రోవి వెనకాల సింథసైజర్ పెట్టిన నిద్రపుచ్చే ప్లేలిస్టులే వస్తున్నాయి, అసలైన ఆల్బమ్‌లు ఎక్కడ దొరుకుతాయి అన్నది మొదటిది. ఏది నిజమైన జానపదం, ఏది బయటివాళ్ళ కోసం తయారుచేసింది అని ఎలా పోల్చుకోవాలి అన్నది రెండోది. దొరికిన రెండు మూడు ఆల్బమ్‌లు కూడా పది నిమిషాలకే విసుగొచ్చాయి, లోపం నా చెవిలోనే ఉందా అని చివర్లో కాస్త బెంగగా అడిగారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఆల్బమ్‌లు వెతుక్కుంటూ, వింటూ, వాటి బుక్‌లెట్లు చదువుకుంటూ వస్తున్నాను. ఆ మూడో ప్రశ్న ఒకప్పుడు నాకూ ఉండేది. అందుకే దాని గురించి ఎక్కువ చెబుతాను.

ముందు, యాప్ ఎందుకు మీకు సాయపడడం లేదో చూడండి. యాప్ తర్వాతి పాటను ఎంచేది కళాకారుడి పేరును, ఆయన్ని విన్నవాళ్ళు ఇంకేం విన్నారన్న లెక్కను పట్టుకుని. ఊళ్ళోకి వెళ్ళి చేసిన రికార్డింగుల్లో ఈ రెండూ ఉండవు. పొలంలో పనిచేస్తూ పాడిన ఆవిడ జీవితంలో ఒక్కసారే మైకు ముందు పాడి ఉంటుంది. ఆమెకు రెండో ఆల్బమ్ లేదు. కళాకారుల పేరు ఉండాల్సిన చోట "పలువురు" అనీ, ఆల్బమ్ పేరు ఉండాల్సిన చోట దేశం పేరూ ఉంటాయి. అలాంటిదాన్ని యాప్ దేనితో జతకట్టాలి?

"వరల్డ్ మ్యూజిక్" అన్న మాట కూడా వెతకడానికి పనికిరాదు. 1987 వేసవిలో కొన్ని చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు లండన్‌లో ఒక పబ్‌లో కూర్చుని, ఏ అరలో పెట్టాలో దుకాణాలకు తెలియని తమ రికార్డులన్నిటికీ కలిపి ఖాయం చేసుకున్న పేరు అది. అమ్మకానికి పనికొచ్చింది. వెతికేవాడికి మాత్రం ఆ మాట కింద ఇరాన్ శాస్త్రీయ సంగీతం, మాలి దేశపు పెళ్ళిపాటలు, క్యూబా డ్యాన్స్ బ్యాండులు అన్నీ ఒకే కుప్పగా దొరుకుతాయి. గ్రామీ వాళ్ళు కూడా 2020లో తమ అవార్డు పేరులోంచి ఆ మాట తీసేశారు.

కాబట్టి మరో దారి పట్టాలి. పాడినవాళ్ళు ఒక్కసారే పాడినా, రికార్డు చేసినవాళ్ళు జీవితాంతం అదే పనిలో ఉన్నారు. వాళ్ళు ఎవరి కోసం పనిచేశారో ఆ లేబుళ్ళూ, అంటే ఆల్బమ్‌లు వేసే కంపెనీలూ, దశాబ్దాలు నడిచాయి. ఒక ఆల్బమ్ నచ్చితే వెంటనే చూడాల్సింది దాన్ని ఎవరు రికార్డు చేశారు, ఏ లేబుల్ వేసింది అని. రికార్డుల వివరాలన్నీ ఒకచోట పెట్టే డిస్కాగ్స్ లాంటి సైట్‌లో రికార్డు చేసిన మనిషి పేరు మీద నొక్కితే ఆయన చేసిన ఆల్బమ్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. నేను విన్నవాటిలో సగానికి పైగా ఇలా దొరికినవే.

లేబుళ్ళలో మొదట తెలుసుకోవాల్సింది ఫోక్‌వేస్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1948లో న్యూయార్క్‌లో మోజెస్ ఆష్, మారియన్ డిస్ట్లర్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. ఆష్ 1986లో చనిపోయేనాటికి రెండు వేల పైచిలుకు ఆల్బమ్‌లు వేశారు. జానపద గీతాలే కాకుండా కప్పల అరుపులు, రైలింజన్ల చప్పుళ్ళు, కవుల గొంతులు కూడా ఉన్నాయి అందులో. అమ్ముడుపోలేదని ఏ ఆల్బమ్‌నూ కేటలాగ్ నుంచి తీసేయకపోవడం ఆష్ పట్టుదల. ఆయన తర్వాత 1987లో అమెరికా మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్‌ను తీసుకున్నప్పుడు, ప్రతి ఆల్బమ్ ఎప్పటికీ దొరుకుతూనే ఉండాలన్న షరతు మీదే తీసుకుంది. ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది. సంవత్సరానికి పదిమంది కూడా అడగని ఆల్బమ్ ఈరోజు మీరు అడిగినా దొరుకుతుంది. సంగీత వ్యాపారంలో ఇలాంటి మాట ఇచ్చి నిలబెట్టుకోవడం చాలా అరుదు.

ఫోక్‌వేస్‌లో ఇంకో నిధి ఉంది. ఆల్బమ్‌తో పాటు వచ్చిన బుక్‌లెట్లను వాళ్ళ సైట్‌లో ఉచితంగా పీడీఎఫ్‌లుగా పెట్టారు. దయచేసి అవి చదవండి. పాట వినే ముందు చదివినా, తర్వాత చదివినా ఫర్వాలేదు. ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడతారు, ఆ రోజు చుట్టూ ఎవరున్నారు, మాటలకు అర్థమేమిటి అన్నవి అందులో ఉంటాయి. చివరి పేజీల్లో అదే ప్రాంతానికి చెందిన మరికొన్ని రికార్డుల పేర్లు కూడా చాలాసార్లు ఇస్తారు. ఆ నాలుగు లైన్లే మీ తర్వాతి మూడు నెలల వెతుకులాట.

ఉదాహరణకు బహామాస్ గిటారిస్టు జోసెఫ్ స్పెన్స్. 1958లో శామ్యూల్ చార్టర్స్ అనే పరిశోధకుడు ఆండ్రోస్ దీవికి వెళ్ళినప్పుడు, కొందరు ఇల్లు కడుతుంటే వాళ్ళ దగ్గర కూర్చుని ఒకాయన గిటార్ వాయిస్తున్నాడు. ఇద్దరు వాయిస్తున్నారేమో అనుకుని రెండో మనిషి కోసం చార్టర్స్ చుట్టూ చూశాడు. రెండో మనిషి లేడు. కింది స్వరాలూ పై స్వరాలూ, మధ్యలో ఆ గొణుగుడూ, నవ్వూ అన్నీ స్పెన్స్ ఒక్కడివే. 1959లో ఫోక్‌వేస్ వేసిన ఆ ఆల్బమ్ ఈ కథ తెలియకుండా వింటే "బాగా వాయిస్తున్నాడు" అనుకుని వదిలేస్తాం. తెలిశాక వింటే మనమూ ఆ రెండో మనిషి కోసం వెతుకుతాం.

మిగతా లేబుళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రాన్స్ రేడియో వాళ్ళ ఒకోరా 1957 నుంచి ఉంది. చార్ల్ దువెల్ ఆఫ్రికాలో చేసిన రికార్డింగులు దాని పునాది, శబ్దం ఎంత స్వచ్ఛంగా ఉంటుందో వింటేనే తెలుస్తుంది. యునెస్కో సంగీత మాలికను 1961లో అలెన్ డానియేలూ మొదలుపెట్టాడు, వందకు పైగా ఆల్బమ్‌లున్నాయి, ఇప్పుడవి స్మిత్‌సోనియన్ దగ్గరే దొరుకుతాయి. నాన్‌సచ్ అనే అమెరికా లేబుల్ వేసిన ఎక్స్‌ప్లోరర్ మాలిక 1967లో మొదలైంది, కొత్తవాళ్ళకు ఇదే అన్నిటికన్నా సులువు. బ్రిటన్ పల్లెపాటలకు 1939లో పుట్టిన టాపిక్ రికార్డ్స్. అమెరికా, ఇటలీ, స్పెయిన్, కరీబియన్ కోసం ఊరూరా తిరిగి పాటలు రికార్డు చేసిన అలన్ లోమాక్స్. ఆయన టేపుల్లో వేలకొద్దీ పాటలు ఆయన పేరు మీదున్న డిజిటల్ ఆర్కైవ్‌లో డబ్బు కట్టకుండా వినొచ్చు. ఆఫ్రికా దక్షిణ, మధ్య, తూర్పు భాగాలకు హ్యూ ట్రేసీ, ఆయన 1954లో దక్షిణాఫ్రికాలో స్థాపించిన ఆఫ్రికన్ సంగీత గ్రంథాలయం.

వెతికేటప్పుడు పనికొచ్చే చిన్న సంగతి ఒకటి. దేశం పేరు బదులు వాద్యం పేరో, పాడే పద్ధతి పేరో అక్కడివాళ్ళ భాషలోనే కొట్టండి. లాటిన్ లిపిలో స్పెల్లింగులు మారుతుంటాయి. రష్యాలోని తువా ప్రాంతపు గొంతుపాట "ఖోమెయి"కే మూడు నాలుగు స్పెల్లింగులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రకం ఆల్బమ్‌లు వస్తాయి. అన్నీ ప్రయత్నించండి.

ఇక అసలా, నకిలీనా అన్న ప్రశ్న. మీరు బల్గేరియా మహిళల బృందగానం విన్నానని, అద్భుతంగా ఉందని, కానీ అది పల్లెపాటేనా అని అనుమానం వచ్చిందని రాశారు. మీ అనుమానం సరైనదే. "ల మిస్తేర్ దె వ్వా బుల్గార్" పేరుతో స్విట్జర్లాండ్‌కు చెందిన మార్సెల్ సెలియే 1975లో తెచ్చిన ఆల్బమ్ అది. 1986లో ఒక బ్రిటిష్ రాక్ లేబుల్ మళ్ళీ విడుదల చేశాక ప్రపంచమంతా విన్నది. పాడింది ప్రభుత్వ రేడియో బృందం. గొంతులు పల్లెల నుంచి వచ్చినవే, బాణీలకు మూలం పల్లెల్లోనే ఉంది. కానీ ఆ స్వరాల పొందికను ఫిలిప్ కుతేవ్ లాంటి చదువుకున్న స్వరకర్తలు కాగితం మీద రాశారు. అందుకని దాన్ని తక్కువ చేయక్కర్లేదు, నాకు చాలా ఇష్టమైన ఆల్బమ్ అది. కాకపోతే దాని పక్కన మార్టిన్ కోనిగ్, ఎథెల్ రెయిమ్ అనే ఇద్దరు 1960ల చివర్లో బల్గేరియా ఊళ్ళలో తిరిగి చేసిన రికార్డింగులు పెట్టుకుని వినండి. నాన్‌సచ్ వాటిని రెండు ఆల్బమ్‌లుగా వేసింది. అక్కడ ఇద్దరో ముగ్గురో స్త్రీలు మాత్రమే ఉంటారు. ఒకరు పాడుతుంటే మరొకరు కింది స్వరం పట్టుకుని కదలరు, ఆ రెండు స్వరాలూ ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. బృందగానంలో మిమ్మల్ని ఆకట్టుకున్న ఆ పదును ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది. వాల్యా బల్కాన్‌స్కా పాటను రికార్డు చేసింది కూడా వీళ్ళే. ఆమె గొంతు వెనక గైదా మోగుతుంటుంది, అది మేకతోలుతో చేసే తిత్తి వాద్యం. 1977లో వాయేజర్ నౌకలతో పాటు అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఆ పాట ఉంది.

స్వచ్ఛత గురించి మరీ టెన్షన్ పడకండి అని కూడా చెప్పాలి. 1950లో హ్యూ ట్రేసీ కెన్యాలో కిప్సిగిస్ తెగ అమ్మాయిలు పాడిన ఒక పాటను రికార్డు చేశాడు. దాని పేరు "చెమిరోచా". ఎవరీ చెమిరోచా అంటే, అమెరికా గాయకుడు జిమ్మీ రాడ్జర్స్. ఆయన గ్రామఫోన్ రికార్డులు ఎలాగో ఆ ప్రాంతానికి చేరాయి. ఆ పేరు వాళ్ళ నోట్లో నలిగి చెమిరోచా అయింది, సగం మనిషి సగం జింక అయిన ఒక వింత జీవి అయింది. ఆ అమ్మాయిలు అతణ్ణి వచ్చి నాట్యం చేయమని పాడుతున్నారు. ఈ పాట జానపదమా కాదా? నా మటుకు ఇంతకన్నా జానపదం ఇంకోటి ఉండదు, ఊరికి వచ్చిన ప్రతిదాన్నీ పాటలో కలుపుకోవడమే దాని గుణం కాబట్టి. ట్రేసీ సంస్థవాళ్ళు అరవై ఏళ్ళు దాటాక ఆ రికార్డింగుల కాపీలు పట్టుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళి, పాడినవాళ్ళ సంఘానికి తిరిగి ఇచ్చారు.

నేను మాత్రం ఒక విషయంలో గట్టిగా ఉంటాను. పాడినవాళ్ళ పేరు ఉందా, లేదా? సాలమన్ దీవుల్లోని మలైటాలో అఫునక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను హుగో జెంప్ 1970లో రికార్డు చేశాడు. పాట పేరు "రొరొగ్వేలా". అమ్మానాన్నలు లేకపోయినా ఏడవకు అని తోడబుట్టిన చిన్నవాణ్ణి ఓదార్చే పాట అది. యునెస్కో మాలికలో ఆమె పేరుతోనే వచ్చింది. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచ్ బృందం ఆ గొంతు తీసుకుని కింద డ్రమ్ములు పెట్టి పాట చేసింది, అది ప్రపంచమంతా మోగింది. ఆ ఆల్బమ్ ఆఫ్రికా అడవుల్లో ఉండే పిగ్మీల సంగీతం పేరు మీద చెలామణి అయింది. కొన్నేళ్ళకు నార్వే శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గర్బారెక్ అదే బాణీని తీసుకుని "పిగ్మీ జోలపాట" అని పేరు పెట్టాడు. పసిఫిక్ సముద్రంలో ఒక దీవి పాట ఆఫ్రికా అడవి పాట అయిపోయింది. జరిగిన అన్యాయం గురించి జెంప్ తర్వాత వివరంగా రాశాడు. అసలు రికార్డింగ్ ఒక్కసారి విన్నాక నాకు ఆ రీమిక్స్ వినబుద్ధి కాలేదు. అఫునక్వా చాలా మెల్లగా పాడుతుంది. ఆ నెమ్మదిలోనే అంతా ఉంది. మీ యాప్‌లో వచ్చే ప్లేలిస్టుల్లో పాడినవాళ్ళ పేరు లేని పాట నచ్చితే, దాని మూలం దొరికేదాకా ఆగకండి.

ఊళ్ళకు వెళ్ళి చేసిన రికార్డింగులే కాకుండా పాత గ్రామఫోన్ రికార్డులూ ఉన్నాయి. పరిశోధకుడి కోసం పాడిన పాట ఒక తీరు, తన జనం డబ్బిచ్చి కొనుక్కుంటారని పాడిన పాట ఇంకో తీరు. రెండోదాంట్లో ఒక హుషారు ఉంటుంది. హ్యారీ స్మిత్ తన దగ్గరున్న పాత రికార్డుల్లోంచి 84 ఎంచి 1952లో చేసిన అమెరికా జానపద సంకలనం ఇలాంటిదే, అవన్నీ 1927 నుంచి 1932 మధ్య అమ్మకానికి వచ్చిన పాటలు. ప్రపంచమంతటివి కావాలంటే జొనాథన్ వార్డ్ "ఎక్స్‌కవేటెడ్ షెల్లాక్" పేరుతో చేసిన వంద పాటల సంకలనం వినండి, ఒక్కో పాటకూ ఆయన రాసిన పరిచయంతో సహా.

ఇప్పుడు మీ బెంగ సంగతి. లోపం మీ చెవిలో లేదు. చెవికి ఇంకా అలవాటు పడలేదు, అంతే.

నాకు జరిగింది చెబుతాను. జింబాబ్వే షోనా ప్రజల ఎంబీరా వాద్యం మొదటిసారి విన్నప్పుడు స్పీకర్ పాడైందనుకున్నాను. ప్రతి స్వరం వెనకా ఒక గరగర. ఇంకో స్పీకర్‌లో పెట్టాను, అదే గరగర. రికార్డింగే చెడిపోయిందని పక్కన పెట్టేశాను. దాదాపు ఏడాది తర్వాత బుక్‌లెట్ చదివితే తెలిసింది, ఆ గరగర కోసమే వాద్యానికి సీసా మూతలో, నత్తగుల్లలో బిగిస్తారని. ఇరవైకి పైగా ఇనుప రేకులు పొదిగిన చెక్కను పెద్ద సొరబుర్రలో పెట్టి రెండు బొటనవేళ్ళతో, కుడి చూపుడువేలితో మీటుతారు. ఆ మూతల చప్పుడు లేకపోతే షోనా శ్రోతకు అది బోసిగా ఉంటుంది. తంబురా తీగ కింద చిన్న దారప్పోగు పెడితే వచ్చే నాదం మనకు ఎంత సహజమో, వాళ్ళకు ఇదీ అంతే. మన చెవి దాన్ని సంగీతం అంటుంది, దీన్ని చెత్త చప్పుడు అంటుంది. తేడా అలవాటులోనే ఉంది.

అప్పట్నుంచి పాల్ బెర్లినర్ రికార్డు చేసిన "ద సోల్ ఆఫ్ ఎంబీరా" నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1973లో వచ్చింది. మీకు పది నిమిషాల్లో విసుగొచ్చిన కారణం కూడా దీంట్లోనే దొరుకుతుంది. మనం పాట మొదలై, పెరిగి, ఒక చోటికి చేరాలని ఎదురుచూస్తాం. ఎంబీరా పాట ఎక్కడికీ చేరదు, చక్రంలా తిరుగుతుంది. పూర్వీకుల ఆత్మలను పిలిచే వేడుకల్లో రాత్రంతా సాగడానికి పుట్టిన సంగీతం అది. దాన్ని వినే పద్ధతి వేరు. మొదటి రెండు నిమిషాలు ఎడమ బొటనవేలి కింది స్వరాలనే పట్టుకోండి. తర్వాత వాటిని వదిలి పై స్వరాలను పట్టుకోండి. కాసేపటికి మధ్యలో మూడో బాణీ ఒకటి వినిపించడం మొదలవుతుంది, దాన్ని ఏ వేలూ విడిగా వాయించడం లేదు. అది రెండు చేతుల స్వరాలూ కలిసి మీ చెవిలో తయారైంది. మొదటిసారి అది వినిపించిన రాత్రి నేను నిద్రపోలేదు.

ఇండోనేషియాలోని బాలి దీవిలో లోహపు వాద్యాల బృందాన్ని గామెలాన్ అంటారు, అందులోనూ ఇలాంటిదే ఉంది. డేవిడ్ లూయిస్టన్ రికార్డు చేయగా నాన్‌సచ్ 1967లో వేసిన బాలి ఆల్బమ్ వింటే, శ్రుతి కాస్త కలవలేదేమో అనిపిస్తుంది. కావాలనే అలా చేస్తారు. లోహపు వాద్యాలను జంటలుగా చేసి, జంటలో ఒకదాన్ని రెండోదానికన్నా ఒక పిసరు తేడాగా శ్రుతి చేస్తారు. రెండూ కలిసి మోగితే శబ్దం అలలా ఊగుతుంది. బాలి భాషలో దాని పేరే "ఓంబాక్", అంటే అల. జంటలో ఒక్కదాన్నే వాయిస్తే వాళ్ళకు ఆ స్వరం ప్రాణం లేనట్టుంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చివర్లో స్వరం ఆరిపోయేదాకా ఆ ఊగుడునే వినండి.

ఆచరణలో నేను చెప్పేది ఇదీ. నెలకు ఒక్క ఆల్బమ్ చాలు. షఫిల్ పెట్టకండి. ముప్ఫై దేశాల పాటలు కలిపిన సంకలనంతో మొదలుపెట్టకండి, చెవి ఒక శ్రుతికి అలవాటు పడేలోపే ఇంకో శ్రుతి వచ్చేస్తుంది. మొదటి వారం పని చేసుకుంటూ విన్నా ఫర్వాలేదు. రెండో వారం బుక్‌లెట్ చదవండి. ఆ తర్వాత ఒకే పాటను రోజూ ఒకసారి వినండి. నెల తర్వాత కూడా ఏమీ అనిపించకపోతే వదిలేయండి, అందులో తప్పులేదు. నాకు ఇప్పటికీ దగ్గర కాని సంప్రదాయాలున్నాయి.

మీకు మొదటి ఆల్బమ్‌గా ఎంబీరా ఇవ్వను. మాలి దేశపు టుమానీ జబాటే "కైరా"తో మొదలుపెట్టండి. కోరా అనే వాద్యం అది. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కట్టింది. టుమానీ వంశంలో తరతరాలుగా వాయిస్తున్నారు. 1988లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఆయన ఒక్కడే వాయించాడు, ఒకే మధ్యాహ్నంలో, ఒక ట్రాక్ మీద ఇంకో ట్రాక్ అతికించకుండా. మొదటిసారి మామూలుగా వినేయండి, ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. బొటనవేళ్ళు కింది స్వరాలనూ, తిరిగి తిరిగి వచ్చే బాణీనీ మోస్తుంటే చూపుడువేళ్ళు పైన స్వేచ్ఛగా అల్లుకుంటూ పోతాయి. రెండోసారి వినేటప్పుడు పైన జరిగే జిలుగంతా వదిలేసి, బొటనవేళ్ళ పని ఒక్కటే మొదటి నుంచి చివరిదాకా వినండి. అది నచ్చిందో లేదో రాయండి, దాన్నిబట్టి రెండో ఆల్బమ్ చెబుతాను.